సిద్ధార్థుని చిత్రించిన దామెర్ల రామారావు
(ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఆదోని పత్తిని గూర్చియో, ఎమ్మిగనూరు మగ్గములను గూర్చియో మాటలాడవలసిన చోట ఒక చిత్రకారుని ప్రసక్తి యేల యని మీలో కొందరికి తోపవచ్చును. కారణము మన జిల్లాలోనే యున్నది. పత్తికొండకు ఆవల ఎర్రగుడి కడ క్రీస్తు పూర్వము 3వ శతాబ్దమున అశోక చక్రవర్తి చెక్కించిన శాసనములు కలవు. తలిదండ్రుల మాట వినుడు, ప్రాణులయెడ దయ చూపుడు, సత్యము పలుకుడు అని ఆ రాళ్లు చెప్పుచున్నవి. ఈ మాటలను భేరి మ్రోగించి ప్రజలకు తెలుపవలెనని రాజు తన అధికారుల నాజ్ఞాపించెను. మనము ఊళ్లలో దండోరా వేయించుట వంటిదే గదా!

బుద్ధుని మార్గమున నడచిన రాజు మాట మన రాతిపై నున్నది. ఆ బుద్ధుని జీవితమును కుంచెతో పలికించిన ఆధునికాంధ్ర చిత్రకారులలో నాకు ముందుగా స్ఫురించు పేరు దామెర్ల రామారావు. ఆయన 1897లో రాజమహేంద్రవరమున జన్మించెను. అచటి కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ బాలుని చేతి నేర్పును కనిపెట్టి ప్రోత్సహించెను. రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, తిరిగి స్వస్థలమునకు వచ్చి, యువకులకు చిత్రలేఖనము నేర్పెను. ఆయన భార్య సత్యవాణియు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మయు చిత్రకారిణులే.

ఆయన వ్రాసిన ప్రసిద్ధ చిత్రములలో 'సిద్ధార్థ రాగోదయము' ఒకటి. బుద్ధుడనగానే బోధివృక్షము క్రింది మునియే మనకు తలపునకు వచ్చును. రామారావు అటుగాక, కాషాయము ధరింపక మునుపటి యువరాజును, ఆయన మనసున ప్రేమ పుట్టిన ఘడియను ఎన్నుకొనెను. ఇది నాకు మిక్కిలి నచ్చిన విషయము. విడిచినదెంతటిదో తెలియనిదే సన్న్యాసము బరువు తెలియదు. అజంతాలో భిక్షువులు నివసించిన 17వ గుహ గోడపై, భిక్షాపాత్రతో వచ్చిన బుద్ధుని యెదుట యశోధర కుమారునితో నిలిచియున్న చిత్రము కలదు. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో కథ యంతయు అర్థమగును.

28 ఏండ్లు నిండకమునుపే, 1925లో, మశూచికము ఆయనను బలిగొన్నది. ఆత్మీయులు కాపాడుటచేతనే ఆ చిత్రములు మిగిలినవి. నేడవి రాజమహేంద్రవరమున ఆయన పేరిటి చిత్రశాలలో నున్నవి.

ఇక మన మాట. వానలు లేని యేట పిల్లలతో కూడ సుగ్గికి పోవు కుటుంబములు మనవద్ద ఎన్నియో మీకు తెలియును. బడి గోడపై బొగ్గుతో ఎద్దును వ్రాసిన పిల్లవాడు మిరప తోటకు పోయినచో, వానిని కనిపెట్టు కూల్డ్రే ఎవరు? గోడ పాడుచేసెనని చెవి మెలిపెట్టువారే పెక్కురు. కాగితములకును రంగులకును అగు వ్యయము వీధిదీపపు ఖర్చు కంటె హెచ్చు కాదు. బడిపిల్లలను ఒకనాడు ఎర్రగుడికి తీసికొనిపోయి, ఆ రాళ్లను చూపి, చూచినదానిని వ్రాయుమనుడు. వచ్చు సమావేశమునకు ఆ చిత్రములు వెంటతెండు. ఇచటి గోడకే తగిలింతము.