ప్రధానపు ఉంగరమునకు ఏ రాయి?



పోయిన వారము మాకు అందిన ఉత్తరములలో ఒక యౌవనస్థుని ఉత్తరము ఉన్నది. వచ్చే నెలలో అతనికి ప్రధానము. ఉంగరములు మార్చుకొనే ఆచారము వారి సంఘములో ఉన్నది. వజ్రము కొనే స్తోమతు లేదు. పెండ్లికుమార్తెకు నీలిరంగు అంటే ఇష్టమట, గనుక నీలము పొదిగిద్దామనుకొన్నాడు. ఇంతలో మేనత్త వచ్చి, "నీలమా! అది శనిరాయి రా, పడకపోతే ఇల్లు గుల్ల చేస్తుంది" అన్నదట. తల్లి పచ్చ అంటున్నది. అక్క, అప్పు చేసియైనా వజ్రమే పెట్టమంటున్నది. "అయ్యగారూ, విశ్వాసులు రంగురాళ్లు పెట్టుకోవచ్చునా? పెట్టుకొంటే ఏది?" అని అడిగాడు.

ఉంగరపు రాయికి ఒక ప్రసంగమా అని మీలో కొందరు అనుకోవచ్చు. ఉత్తరము చదివినప్పుడు నేనూ అలాగే అనుకొన్నాను. కాని రాయి విషయములో నాకు ఒక పాత తప్పు ఉన్నది. దానిని ఈ రోజు మీ ముందు ఒప్పుకోవలసియున్నది. కొంచెము ఓపిక పట్టండి.

మొదట మేనత్తగారి మాట. నవరత్నములలో ఒక్కొక్కటి ఒక్కొక్క గ్రహానికి చెందినదని మన చుట్టూ ఉన్నవారు నమ్ముతారు. కెంపు సూర్యునిదట, నీలము శనిదట. వారి నమ్మకమును ఎగతాళి చేయుట మన పని కాదు. అయితే బాప్తిస్మము పొందిన ఇంటిలో శనివలన కలిగే భయము ఏమి చేస్తున్నది? నిర్గమకాండము 28వ అధ్యాయము చూడండి. ప్రధానయాజకుడైన అహరోను రొమ్ము మీద ధరించే పతకములో నాలుగు వరుసలుగా 12 రాళ్లు. మన తెలుగు బైబిలులో ఆ పేర్లలో నీలము కూడ ఉన్నది. (పూర్వులు నీలమని పిలిచినది నేటి నీలము కాకపోవచ్చునని, అది లాపిస్ లాజులి అనే మరొక నీలిరాయి అయియుండవచ్చునని పండితులు చెబుతారు. అది వేరే చర్చ.) ప్రతి రాతి మీద ఒక గోత్రపు పేరు చెక్కించమని దేవుడు చెప్పాడు. ఆ పేర్లను గుండె మీద మోసికొని అహరోను పరిశుద్ధ స్థలములోనికి వెళ్లేవాడు.

మరొక సంగతి మేనత్తగారికి చెప్పండి. నీలము, కెంపు రెండును ఒకే ఖనిజము. దానిని కురువిందము అంటారు. అందులో కొద్దిగా క్రోమియము కలిస్తే ఎర్రనై కెంపు అవుతుంది. ఇనుము, టైటానియము కలిస్తే నీలమవుతుంది. జ్యోతిష్యములో సూర్యునికి శనికి పడదంటారు గాని, వారి రాళ్లు మాత్రము తోడబుట్టినవే! అప్పటికి ఇంగ్లండు యువరాజుగా ఉన్న చార్లెస్ 1981లో డయానాకు పెట్టినది నీలపు ఉంగరమే. ఆ వివాహము 1996లో విడాకులతో ముగిసినది. "చూశారా!" అంటారు మేనత్తగారు. అయితే అదే ఉంగరమును వారి కుమారుడు విలియమ్ 2010లో తనకు కాబోయే భార్యకు తొడిగాడు. ఆ కాపురము నిలిచియున్నది. రాయి ఒక్కటే గదా!

మనవారిలో కొందరు జాతిరత్నమును కాదంటారు గాని, పుట్టిన నెలను బట్టి ఇంగ్లీషువారి జాబితా చూచి రాయి కొంటారు. నేడు వాడుకలో ఉన్న ఆ జాబితాకు 1912లో రూపమిచ్చినది అమెరికా నగల వ్యాపారుల సంఘము. అందులో వాక్యము ఏమీ లేదు, వ్యాపారమున్నది.

అప్పు చేసియైనా వజ్రమే పెట్టాలనే మాట కూడ అటువంటిదే. ప్రధానమునకు వజ్రమే ఉండవలెననే తలంపును లోకమంతట నాటినవి వజ్రపు కంపెనీల ప్రకటనలు. వాటిలో పేరుపొందినది 1947లో వ్రాయబడినది. మన తాతమ్మలు దాని ఊసు ఎరుగరు. బాబూ, వడ్డీకి తెచ్చిన డబ్బుతో ఉంగరము కొనవద్దు. పెండ్లి అయిన మొదటి నెలలో ఆ అమ్మాయి చూచేది వేలి మీద మెరుపును కాదు, గుమ్మములో నిలిచిన అప్పులవానిని.

ఇక ఏ రాయి అంటే, ఉంగరము పెట్టుకొనే చెయ్యి ఏ పని చేస్తుందో చూడండి. రాళ్ల గట్టితనమును 1 నుండి 10 వరకు కొలుస్తారు. వజ్రము 10. కెంపు, నీలము 9. పచ్చ 7.5 నుండి 8. మన ఇంటి దుమ్ములో ఉండే ఇసుక రేణువులు 7. అంతకంటె మెత్తని రాయి ప్రతిదినము గీతలు పడి మసకబారుతుంది. ముత్యము చాల మెత్తనిది, చెవికి మెడకు బాగుంటుంది గాని అంట్లు తోమే చేతికి నిలువదు. పచ్చ అందమైనదే. అయితే దానిలో సహజముగా సన్నని పగుళ్లు ఉంటాయి, అవి కనబడకుండ నూనె పట్టిస్తారు. వేడినీళ్లలో ముంచితే, దెబ్బ తగిలితే పాడవుతుంది. తక్కువలో ఎర్రరాయి కావాలంటే గార్నెట్ ఉన్నది. దాని గట్టితనము ఇంచుమించు 7, కాబట్టి కొంచెము జాగ్రత్తగా వాడుకోవాలి. మన కొత్తగూడెము దగ్గర గరీబ్‌పేట కొండలో పూర్వమునుండి ఆ రాళ్లు దొరుకుతున్నవి. అక్కడివి పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో పూసలు చేసేవారిదాకా వెళ్లినవని పరిశోధకులు చెబుతున్నారు.

కొనేటప్పుడు సిగ్గుపడక అడగండి. రాయి గనిలో దొరికినదా, యంత్రములో చేసినదా? కెంపును కృత్రిమముగా చేయుట 1902 నుండి లోకమునకు తెలిసినదే. అది తప్పు కాదు, చవక కూడ. చెప్పి అమ్మాలి, అంతే. నీలమును కాల్చి రంగు తేర్చుట సాధారణమే, అదియు చెప్పాలి. పగుళ్లలో సీసపు గాజు నింపిన కెంపులు కూడ వస్తున్నవి, వాటికి నిమ్మరసము తగిలినా చెడిపోతాయి. హాల్‌మార్కు బంగారమునకే గాని రాతికి కాదు. ఖరీదైన రాయి అయితే పరీక్ష చేసిన ప్రయోగశాల కాగితము అడగండి. రాయి బరువును బంగారములో కలిపి తూచనియ్యవద్దు. ఒక క్యారెట్టు అంటే గ్రాములో ఐదవ వంతు.

ప్రియులారా, ఇప్పుడు నా సంగతి. ఆదికాండము 24లో అబ్రాహాము దాసుడు రిబ్కాకు బంగారము ఇచ్చిన తరువాత, ఆమె ఇంటివారు భోజనము పెట్టినప్పుడు, వచ్చిన పని చెప్పేవరకు అన్నము ముట్టలేదు. నేనైతే ముట్టాను. 1986లో మా ప్రధానము. నేను అప్పుడు చిన్న బడిలో ఉపాధ్యాయుడను. ఎర్రగాజు పొదిగిన ఉంగరము కొని, మా మామగారి ఇంటిలో పదిమంది ముందర "కెంపు" అన్నాను. అంగడివాడు నాకు గాజు అనియే చెప్పి అమ్మాడు.

పదకొండేళ్లకు రాయి అంచులు అరిగిపోతే నా భార్య కంసాలి యొద్దకు తీసికొనిపోయినది. ఆయన భూతద్దములో చూచి, "అమ్మా, ఇది గాజు, లోపల గాలిబుడగలున్నవి" అన్నాడు. ఆమెకు నా మీద అనుమానమే రాలేదు. "పాపము, మిమ్మును మోసము చేశారండీ" అని నన్నే ఓదార్చినది. మా బావమరిది ఆ అంగడికి వెళ్లి, కొనేవారందరి ఎదుట ఆ పెద్దమనిషిని దొంగ అన్నాడు. నేను రెండు రోజులు నోరు విప్పలేదు. మూడవ రోజు రాత్రి చెప్పాను. ఆమె చాలసేపు మాట్లాడక, "గాజు అని అప్పుడే చెప్పియుంటే గాజే పెట్టుకొందును గదా. ఆయనను దొంగ అన్న మాటను ఇప్పుడు ఎవరు వెనుకకు తీసికొంటారు?" అన్నది.

మరునాడు నేనే వెళ్లాను. సంతరోజు, అంగడి నిండా జనము. అందరు వినేటట్లు చెప్పాను. ఆయన టీ తెప్పించాడు గాని, నేను త్రాగి లేచేవరకు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఉంగరము ఇప్పటికి మా బీరువాలో ఉన్నది. రాయి మార్పిస్తానంటే ఆమె ఒప్పుకోదు.

కాబట్టి బాబూ, ఆ అమ్మాయికి నీలిరంగు ఇష్టమైతే నీలమే పెట్టు. గనిలోనిది కొనలేకపోతే యంత్రములో చేసినది కొను, కొన్నది ఏదో ఆమెకు, ఆమె తండ్రికి ప్రధానమునకు ముందే చెప్పు. మేనత్తగారిని కూడ అంగడికి తీసికొనివెళ్లు, ఆమె మాటను త్రోసివేశామని బాధపడకుండ. ఏ రాయి కొన్నారో మాకు ఒక ఉత్తరము వ్రాయి. మా ఇంటావిడ అప్పుడే రెండుసార్లు అడిగినది.