ఒక్క పడవలో లోకము



చలనచిత్రమనగానే మనకు పాటలు, పోరాటములు, నిమిషమునకొక దృశ్యము, గడియకొక వేషము స్మరణకు వచ్చును. ఇవి యేవియు లేక, ఆద్యంతము ఒకే తావున, కాలు చాచుకొనుటకైనను చోటు చాలని యొక పడవలో జరుగు కథ యొకటి కలదు. దానిపేరు ‘లైఫ్ బోట్’. ఓడ మునుగునపుడు ప్రయాణికులు ప్రాణములు దక్కించుకొనుటకై దిగెడు చిన్న పడవకు అది పేరు. 1944 వ సంవత్సరమున అమెరికాలో విడుదలయైన యీ చిత్రమునకు దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్. మూలకథ వ్రాసినవాడు ప్రసిద్ధ నవలాకారుడైన జాన్ స్టైన్‌బెక్. చూచినవారు దీనిని గూర్చి నాడు తగవులాడిరి. నేడును తగవులాడుచునే యున్నారు. ఆ తగవు స్వరూప మెట్టిదో, అందు న్యాయ మెటు మొగ్గునో మీ యెదుట నుంచుటయే నా యీ ప్రసంగమున కుద్దేశము.

ముందు కథ వినుడు. అది రెండవ ప్రపంచయుద్ధ కాలము. అట్లాంటిక్ మహాసముద్రమున ఒక జర్మను జలాంతర్గామి వర్తకపు టోడ నొకదానిని ముంచినది. ఆ పోరులో జలాంతర్గామియు మునిగినది. మిగిలిన పడవలో మొదట నొక్కతె యుండెను. ఆమె పత్రికా విలేఖరి. ఒంటిపై విలువైన బొచ్చుకోటు, చేతికి వజ్రాల కంకణము. పిమ్మట ఒక్కొక్కరుగా నీటినుండి పైకెక్కిరి. యంత్రశాలలో నూనె వేయు కూలివాడు, కోటీశ్వరుడైన వ్యాపారి, రోగులను సేవించు నర్సు, వైర్‌లెస్ ఉద్యోగి, కాలికి గాయమైన నావికుడు, ఓడలో పరిచర్య చేయు జో అను నీగ్రో జాతీయుడు, చనిపోయిన పసిబిడ్డను విడువని యొక ఆంగ్లేయ మాత. కట్టకడపట నొక చేయి పడవ యంచును పట్టుకొన్నది. లాగి చూడగా వాడు జర్మను. పేరు విల్లి. తమ యోడను ముంచిన జలాంతర్గామికి నాయకుడు వాడే యని తరువాత తెలిసినది.

వీనిని నీటిలోనికి త్రోసివేయుడని కొందరు, యుద్ధఖైదీ గనుక చంపుట చట్టవిరుద్ధమని కొందరు వాదించిరి. తుదకు ఉంచుకొనిరి. ఆ దుఃఖిత మాత ఒకనాటి రాత్రి అందరు నిద్రించుచుండగా సముద్రము పాలయ్యెను. నావికుని కాలు కుళ్లగా, పూర్వము శస్త్రవైద్యుడైన విల్లియే దానిని తీసివేసెను. తుపాను వచ్చినపుడు పడవను నిలిపినవాడును వాడే. అన్నపానములు సముద్రమున గలిసిన పిదప, అందరును నీరసించి పడియుండగా, వాడొక్కడు పాటలు పాడుచు తెడ్లు వేసెను. ఒక రాత్రి వాడు రహస్యముగా నీరు త్రాగుచుండుట ఆ కుంటి నావికుడు చూచెను. విల్లి అతనిని నీటిలోనికి నెట్టెను. తెల్లవారి, వాని మొగమున పట్టిన చెమట గుట్టు బయటపెట్టినది. వానియొద్ద దాచిన నీరు, ఆహారపు బిళ్లలు నుండెను. వాడు పడవను నడుపుచున్నది బెర్ముడా దీవులకు గాదు, జర్మను ఓడ యొద్దకు. అంతట అందరును మీదబడి, వానిని కొట్టి, నీటిలోనికి త్రోసి చంపిరి. జో ఒక్కడు చేయి కలుపలేదు.

చిత్రము నడచునంతసేపు మనమును ఆ పడవలోనే యుందుము. కెమెరా దూరమునకు పోయి పడవను చూపదు. ఆదిని, అంతమున తప్ప నేపథ్యసంగీతము లేదు. నడుమ సముద్రఘోషయే సంగీతము. దీనిని చూచిన నా మిత్రులలో నొకరు, ‘నాకు ఊపిరి సలుపలేదు, నడుమ లేచి గుమ్మము తెరచుకొంటిని’ అనిరి. మరియొకరు, ‘ఒకేచోట కూర్చుండి మాటలు వినుటకు చలనచిత్ర మెందులకు? నాటకము చాలును’ అని విసుగుకొనిరి. రెండవవారి మాట నేనంగీకరింపజాలను. నాటకశాలలో మనము గట్టుమీద కూర్చుండి చూతుము. ఇందు గట్టు లేదు. తప్పించుకొనుటకు దారిలేని చోట మనుష్యుని మనస్సు పొరలు పొరలుగా నూడివచ్చును. కోటీశ్వరుని ధనమునకును, విలేఖరి కంకణమునకును విలువ యేమాత్రము? ఆ కంకణము తుదకు చేపలకు ఎరగా కట్టబడినది.

ఇక పెద్దల తగవు. చిత్రము వెలువడినపుడు న్యూయార్క్ టైమ్స్ పత్రికా విమర్శకుడు బాజ్లీ క్రౌథర్, ప్రసిద్ధ విలేఖరి డొరొతీ థాంప్సన్ తీవ్రముగా నాక్షేపించిరి. పడవలో సమర్థుడు శత్రువొక్కడేనా? మనవారందరు పరస్పరము కలహించు అసమర్థులా? యుద్ధము జరుగుచుండగా ఇట్టి చిత్రము శత్రువునకు మేలు చేయదా? ఇదియే వారి యాక్షేపణసారము. దీనికి హిచ్‌కాక్ 1962 లో ఫ్రాన్సు దర్శకుడు ఫ్రాంస్వా ట్రూఫోతో జరిపిన సంభాషణలో సమాధానము చెప్పెను. ఆ పడవ నాటి లోకమునకు ప్రతిబింబమనియు, శత్రువు ఒక్క లక్ష్యముతో నడచుచుండగా మిత్రరాజ్యములు తమ భేదములను ప్రక్కకుబెట్టి ఏకము కావలెనని చెప్పుటయే తన యుద్దేశమనియు నతని వివరణము.

నా మట్టుకు హిచ్‌కాక్ పక్షమే సరి యని తోచుచున్నది. బలహీనుడైన శత్రువును జూపి భయపడుడని చెప్పుట వ్యర్థము. అంతేకాక, విల్లికి గల వైద్యము, సముద్రజ్ఞానము నిజమైనవే కాని, చివరిదినముల వాని భుజబలము మాత్రము దొంగనీటి బలము. ఎద్దడినాడు ఊరి నీటివంతును రాత్రివేళ తన మడికి మళ్లించుకొనినవాని పైరు పచ్చగా నుండును. దానిని జూచి వానిని గొప్ప కృషికుడని మెచ్చుకొందుమా?

రెండవ యాక్షేపణ మూలకథకుడైన స్టైన్‌బెక్‌దే. తాను జోను గౌరవముగల మనుష్యునిగా చిత్రింపగా, చిత్రమువారు తమ దేశమున వాడుకలోనున్న చౌకబారు హాస్యపాత్రగా చేసిరని నొచ్చుకొని, తన పేరు తీసివేయుడని అతడు కోరెను. కోరిక చెల్లలేదు, పైగా ఆ కథకే ఆస్కారు బహుమానపు పరిశీలనలో స్థానము దక్కెను. ఈ యాక్షేపణ న్యాయమైనదే. అయినను జో పాత్ర ధరించిన కెనడా లీ నటనలో ఒక గాంభీర్యము మిగిలియున్నది. విల్లిని గూర్చి అందరి యభిప్రాయములు తీసికొనుచుండగా, తనకును ఓటు కలదా యని అతడడుగును. స్వదేశమున సమానత్వ మెరుగనివాని నోట ఆ చిన్న ప్రశ్న ఎంత బరువైనదో యోచింపుడు.

మూడవది మనబోటి ప్రేక్షకుల తగవు. శత్రువును పడవ యెక్కించుకొనుట తప్పా? మనకు దీనిపై రెండు పాతకథలు కలవు. శరణన్న విభీషణుని సుగ్రీవుడు నమ్మవలదన్నను శ్రీరాముడు చేరదీసెను, మేలు కలిగినది. పంచతంత్రమున గుడ్లగూబలు శరణన్న కాకిని చేరదీసినవి. ఆ కాకియే వాని గుహకు నిప్పుపెట్టినది. ఏది ప్రమాణము? విభీషణుడు తా నెవడో, ఎందులకు వచ్చెనో ముందుగా చెప్పుకొనెను. అతని రాకను గూర్చి సభలో విచారణ జరిగెను. విల్లి తన పదవిని దాచెను, దిక్సూచిని దాచెను, తనకు ఆంగ్లము వచ్చునను సంగతియు దాచెను. పడవలోనివారు చేసిన తప్పు వానిని నీటినుండి లాగుట గాదు. అలసటచేత, సోమరితనముచేత, వానికి చుక్కాని యప్పగించి నిద్రించుట. ఆశ్రయ మిచ్చుట వేరు, అధికార మిచ్చుట వేరు.

ఇక వానిని చంపిన తీరు. ‘హంతకుడు, వాని కది తగినదే’ యని పలువురందురు. కాని ఆ దృశ్యమును నిదానించి చూడుడు. కడుపులో కొంత బలమున్న దినమున చట్టమును గూర్చి ధర్మపన్నములు చెప్పినవారే, ఆ యుదయమున ఒక్క మాట విచారణయైన లేక మూకగా మీదబడిరి. చనిపోయిన నావికుని బూటు తీసికొనియే కొట్టిరి. శిక్ష తగినదే కావచ్చును. శిక్షించినవారు న్యాయాధిపతులు కారైరి. జో వెనుకకు నిలిచినది శత్రువుపై జాలిచేత గాదని నా యూహ. మూక యొకనిపై బడుట యెట్లుండునో అతని జాతి యెరుగును.

చిత్రము ఇంతతో ముగియదు. జర్మను ఓడ మునిగిన పిమ్మట గాయపడిన యొక పడుచు సైనికుడు అదే పడవ నెక్కును. పిస్తోలు చూపును, దానిని వారు లాగుకొందురు. అప్పుడు వాడు ఆశ్చర్యముతో, నన్ను చంపరా యని యడుగును. దర్శకుడు తీర్పు చెప్పక ప్రశ్నను మన యొడిలో వేసి లేచిపోవును. ఈసారి వారు వాని గాయమునకు కట్టుకట్టిరి, ఆయుధమును మాత్రము తిరిగి యియ్యలేదు. మొదటిదినమున విల్లి విషయమున జరుగవలసినదియు నింతియే.

గ్రామమున తగవులు తీర్చు పెద్దలు మీరు. ఒకరిని చేరదీయుడని యొక పక్షము, వెళ్లగొట్టుడని యొక పక్షము మీ ముందు నిలిచినప్పుడు, ఈ రెంటి నడుమ మూడవ దారి యొకటి యుండునని యీ చిత్రము తెలుపుచున్నది. అవకాశము దొరికినప్పుడు దీనిని చూచి, మీలో మీరు వాదించుకొనుడు.