మాట తడబడిన రాజు: ఆరవ జార్జి జీవితము, పరిపాలన



బ్రిటిషు రాజులలో ఒకరిని గూర్చి మాటలాడవలెనని నన్ను కోరినప్పుడు నేను ఆరవ జార్జిని ఎంచుకొంటిని. యుద్ధములు గెలిచిన రాజులు, శాసనములు చేసిన రాజులు అనేకులు కలరు. ఈయనకో, నలుగురి యెదుట నిలిచి నాలుగు మాటలు చెప్పుటయే గండము. ఆధునిక కాలమందు ఇంగ్లండు రాజుకు కత్తితో పని లేదు, మాటతోనే పని. ఆ మాటయే రాని మనిషి పదిహేనేండ్లు ఎట్లు నెగ్గుకొని వచ్చెనో చెప్పవలెనని నా కోరిక.

మొదట ఒక చిన్న సవరణ. మన పెద్దలు జార్జి చక్రవర్తి అనగానే తండ్రిని, కుమారుని కలిపివేయుచుందురు. 1911లో ఢిల్లీ దర్బారుకు వచ్చినది తండ్రియైన ఐదవ జార్జి. ఆరవ జార్జి భారత చక్రవర్తి అను బిరుదు ధరించియు ఈ దేశములో పాదము మోపలేదు. ఆయన కొరకు తలపెట్టిన దర్బారు వాయిదా పడి, చివరకు జరుగకయే పోయెను.

ఆయన 1895 డిశంబరు 14వ తేదీన సాండ్రింగ్‌హామ్‌లో జన్మించెను. విక్టోరియా రాణి భర్త ఆల్బర్టు చనిపోయిన తేదీ అదే. అందుచేత ముత్తవ్వగారి మనస్సు నొచ్చుకొనకుండ బిడ్డకు ఆల్బర్టు అనియే పేరు పెట్టిరి. ఎడమచేతి వాటము పిల్లవానిని కుడిచేతితో వ్రాయించిరి. మోకాళ్లు వంకరగా నున్నవని కాళ్లకు బద్దలు కట్టిరి. ఎనిమిదవ యేట నత్తి పట్టుకొనెను. తండ్రి గద్దించినకొలది అది ముదిరెనే గాని తగ్గలేదు. నౌకాదళ పాఠశాలలో తుది పరీక్షకు కూర్చున్న 68 మందిలో ఈయనది 68వ స్థానము. అయినను ఆ నౌకాదళములోనే 1916లో జట్లాండు యుద్ధమందు కాలింగ్‌వుడ్ అను ఓడ మీద ఫిరంగి గదిలో పనిచేసెను. పిరికితనము ఆయనలో లేదు. గుండ్లకు భయపడని మనిషి సభకు భయపడెను.

1925 అక్టోబరు 31న లండను దగ్గర వెంబ్లీలో సామ్రాజ్య ప్రదర్శన ముగింపు సభ జరిగెను. అప్పటికి ఆయన యార్కు డ్యూకు. మాట మాటకు మధ్య మౌనము, దవడ కదలును గాని శబ్దము రాదు. వినువారికే ఆ ప్రసంగము కష్టమాయెను. మాటలాడువాని సంగతి వేరుగా చెప్పవలెనా? మోషే వృత్తాంతము ఎరిగిన మనకు ఆ బాధ కొంత తెలియును. కాని మోషేకు బదులు మాటలాడుటకు అహరోను ఉండెను. ఈయనకు అట్టి అన్న లేడు. ఉన్న అన్నగారు ఏమి చేసెనో ముందు చెప్పెదను.

మరుసటి సంవత్సరము అక్టోబరులో ఆయన లయొనెల్ లోగ్ అను ఆస్ట్రేలియా దేశస్థుని యొద్దకు వెళ్లెను. లోగ్‌కు వైద్య పట్టము లేదు. మాట పలుకు తీరు నేర్పు ఉపాధ్యాయుడు, మొదటి ప్రపంచ యుద్ధము నుండి మాట పోగొట్టుకొని వచ్చిన సిపాయిలకు సాయపడినవాడు. ఊపిరి ఎట్లు తీయవలెనో, వాక్యమును ఎచ్చట విరువవలెనో నేర్పెను. ఇంటివద్ద అభ్యాసము చేయునప్పుడు భార్య ఎలిజబెత్తు తోడుగా నుండెను. 1927 మే నెలలో కాన్‌బెర్రాలో పార్లమెంటు భవనమును తెరచుచు ఆయన చేసిన ప్రసంగము మెరుగాయెను. నత్తి మాయమైనదని చెప్పువారు పొరబడుచున్నారు. అది పోలేదు. ఆయన దానితో కాపురము చేయుట నేర్చుకొనెను.

ఇక అన్నగారు. ఎనిమిదవ ఎడ్వర్డు 1936 జనవరిలో రాజై, విడాకులు పొందిన స్త్రీని వివాహమాడుట కొరకు డిశంబరులో సింహాసనము విడిచెను. తమ్ముడు తల్లి యొద్దకు వెళ్లి చిన్నబిడ్డవలె ఏడ్చినట్లు తన దినచర్యలో తానే వ్రాసికొనెను. తాను నౌకాదళ ఉద్యోగిని మాత్రమే, రాజ్యపు కాగితమొక్కటియు చూచి యెరుగనని బంధువుతో మొరపెట్టుకొనెను. ఆల్బర్టు అను పేరు విడిచి జార్జి అను పేరు పెట్టుకొనెను. 1937 మే 12న పట్టాభిషేకము జరిగెను.

ఆయన చేసినదంతయు మెచ్చుకొనుటకు నేను రాలేదు. 1938లో హిట్లరుతో ఒప్పందము చేసికొని వచ్చిన ప్రధాని ఛాంబర్లేనును, పార్లమెంటు ఇంకను చర్చింపకముందే, తన భవనపు వసారాలో ప్రక్కన నిలుపుకొని జనులకు చూపెను. రాజు పక్షము వహింపరాదు అను నియమమునకు అది విరుద్ధము.

1939 సెప్టెంబరు 3న యుద్ధము ప్రకటింపబడిన సాయంకాలము రేడియోలో మాటలాడవలసి వచ్చినప్పుడు లోగ్ ప్రక్కనే నిలిచెను. కాగితము మీద ఆగవలసిన చోట్ల గుర్తులు పెట్టియుండెను. ప్రసంగము నెమ్మదిగా, నిబ్బరముగా సాగెను. అదే దినమున ఇచ్చట వైస్రాయి లిన్‌లిత్‌గో మన నాయకులలో ఒక్కరినైనను అడుగక భారతదేశమును యుద్ధములోనికి దింపెను. మాట కొరకు అంత శ్రమపడిన చక్రవర్తి పేరట, కోట్లాది జనుల మాట అడుగకుండ జరిగిన పని అది. అక్టోబరులో మద్రాసులో రాజాజీ మంత్రివర్గము రాజీనామా చేసెను. మన ప్రకాశముగారు అందులో రెవిన్యూ మంత్రి. 1943లో బెంగాలు కరవున లక్షలాది మంది మరణించిరి. రాజు మంత్రుల సలహా మేరకే నడచును, నిజమే. అయినను చక్రవర్తి బిరుదు ఆయనదే గదా.

ఆ 1939 క్రిస్మసు సందేశములో ఆయన ఒక పద్యములోని మాటలు చదివెను. చీకటిలో దేవుని చేయి పట్టుకొని నడచుటను గూర్చిన మాటలవి. వ్రాసినదెవరో చాలామందికి తెలియలేదు. విచారింపగా ఆమె మిన్నీ లూయీజ్ హాస్కిన్స్, పూర్వము వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షమున మద్రాసులో పనిచేసిన స్త్రీ అని తెలిసెను. అచ్చటి పరిచర్యకు సొమ్ము కూర్చుటకు వేసిన చిన్న పుస్తకములో ఆ పద్యముండెను. రాజు తన దేశమునకు ధైర్యము చెప్పవలసి వచ్చిన వేళ మన దక్షిణదేశపు మిషనరీ మాటలు ఆయన నోట పలికినవి. ఈ సంగతి మన సంఘములలో ఎక్కువమందికి తెలియదు.

లండను మీద బాంబులు పడినను ఆయన నగరమును విడిచిపోలేదు. 1940 సెప్టెంబరు 13న భవనము మీద బాంబులు పడి అందలి ప్రార్థనామందిరము ధ్వంసమాయెను. దంపతులు ఆ సమయమున లోపలనే యుండిరి.

యుద్ధము ముగిసిన పిమ్మట సామ్రాజ్యము సడలెను. 1947 ఆగస్టు 15 తరువాత కూడ భారతదేశమునకు ఆయన రాజుగానే యుండెను. చక్రవర్తి బిరుదు 1948 జూను 22న పోయెను. 1950 జనవరి 26 వరకు రాజరికము పేరునకు మిగిలెను. ఆయన బొమ్మగల రూపాయి చేతబట్టిన ముదుసలులు మనలో నున్న అడిగి చూడుడి. గణతంత్రమైన భారతము కామన్‌వెల్తులో నుండుటకు 1949 ఏప్రిలులో లండనులో ఒప్పందము కుదిరినప్పుడు, ఆ కూటమికి అధిపతి అను క్రొత్త హోదాను ఆయన అంగీకరించెను. పంతమునకు పోలేదు. ఈ విషయములో నేను ఆయనను గౌరవించుచున్నాను.

పొగ త్రాగుట ఆయనకు పెద్ద వ్యసనము. 1951 సెప్టెంబరులో ఎడమ ఊపిరితిత్తి తీసివేసిరి. ఆ యేటి క్రిస్మసు సందేశమును ఒక్కసారిగా చెప్పుటకు శక్తి లేకపోయెను. అందుచేత ముక్కలు ముక్కలుగా చెప్పించి, వాటిని అతికి ప్రసారము చేసిరి. విన్నవారికి బొంగురు గొంతు తెలిసినది గాని అతుకులు తెలియలేదు. ఆరు వారములకు, 1952 ఫిబ్రవరి 6న, తాను పుట్టిన సాండ్రింగ్‌హామ్‌లోనే నిద్రలో కన్నుమూసెను. వయస్సు 56 సంవత్సరములు. ఆ వార్త చేరునప్పటికి పెద్ద కుమార్తె ఎలిజబెత్తు కెన్యా దేశములో ఉండెను.