చెఱ వీడినవాని మార్పునకు కొలత యేది?

గ్రామపెద్దలారా,

దొంగతనమునకు శిక్ష యనుభవించి వచ్చిన యొకడు మా యూరి రచ్చబండకడ నిలిచి కూలిపని యడిగెను. "వీడు మారెననుటకు గుఱుతేమి?" అని యొక పెద్ద ప్రశ్నించెను. ఎవ్వరును బదులు చెప్పలేకపోయిరి. నేనును మిన్నకుంటిని. ఆ ప్రశ్నను గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ఆస్ట్రేలియాకు తూర్పుననున్న నార్ఫోకు దీవిలోని ఖైదీలపై 1840లో అలెగ్జాండరు మెకానకీ యను స్కాట్లండు నావికాధికారి నియమితుడయ్యెను. కాలము గడచినంతమాత్రమున మనుష్యుడు మారడని యాతని మతము. కావున కష్టపడి పనిచేసి, సత్ప్రవర్తనమున మెలగి ఖైదీ మార్కులు సంపాదింపవలెనని యేర్పఱచెను: ఏడేండ్ల శిక్షకు 6000, పదేండ్లకు 7000, యావజ్జీవమునకు 8000. తప్పుచేసినచో కొన్ని పోవును. ప్రభుత్వమువారికిది రుచింపక 1844లో నాతనిని తొలగించిరి. అయినను ఆ తలంపు నశింపలేదు. ఐర్లండునందు 1854 మొదలు సర్ వాల్టర్ క్రాఫ్టన్, విడుదలకు ముందు ఖైదీలను కావలి తగ్గించి ఆరుబయట పనిలోనుంచి పరీక్షించెను. గోడల నడుమ చూపు వినయము వేఱు, స్వేచ్ఛలో నిలుచు నడవడి వేఱు గదా!

పిదప 1928లో అమెరికాయందు బర్జెస్ అను పండితుడు, గడువునకు ముందే విడుదలయైన 3000 మంది చరిత్రలను పరిశీలించి, 21 అంశములతో నొక లెక్క కట్టెను. పూర్వపు నేరములు, పనిచేయు నలవాటు మొదలగునవి యందుండెను. ఇందొక లోపము గలదు. గడచినది మాఱదు, దానినే కొలిచినచో, మాఱినవానికిని పాత లెక్కయే మిగులును. అందుచేత కెనడా దేశపు ఆండ్రూస్, బోంటా మొదలగువారు మార్పుచెందగల సంగతులనుగూడ, అనగా సహవాసము, త్రాగుడు, జీవనోపాధి, మనోభావము అనువానిని లెక్కలోనికి తెచ్చిరి. మరి యెంత చక్కని లెక్కయైనను పదుగురిని గూర్చి చెప్పగలదే కాని, యీ యొక్కడు తప్పక యిట్లే చేయునని చెప్పజాలదు.

పెద్దలారా, ఈ సంగతులలో సహవాసమును, జీవనోపాధియు చెఱసాల యధికారి చేతిలో లేవు. మన చేతిలో నున్నవి. మా యూర నానాడు వానికెవ్వరును పని యీయలేదు. మూడవనాడు వాడూరు విడిచిపోయెను. వాడు మారెనో లేదో మేమెఱుగము. తెలిసికొనుటకు మేమవకాశ మీయలేదు. మీ యూరికట్టివాడు వచ్చినపుడు ముందొక చిన్నపని యప్పగింపుడు. నడవడి చూచి మఱికొంత నమ్ముడు. మెకానకీ మార్కులలోని సారమిదియే.

సెలవు.