వంపు అద్దములలో వెలుగు నడక



బంతిని గోడకు ఏటవాలుగా కొట్టినచో, ఎంత వాలుగా తగిలెనో అంత వాలుగానే అవతలి వైపునకు మరలును. అద్దముపై పడిన వెలుగు కిరణమునకును ఇదియే నియమము. అద్దము వంపు తిరిగినను నియమము మారదు. కిరణము తగిలిన చోట అద్దపు వాలు మాత్రమే మారును. ఈ చిన్న భేదమునుండి రెండు పెద్ద ఫలములు కలుగుచున్నవి.

మొదటిది, పళ్లెమువలె లోపలికి వంగిన పుటాకార దర్పణము. సూర్యకిరణములు బహుదూరమునుండి వచ్చుటచే సమాంతరముగా నుండును. అవి సూర్యునకు ఎదురుగా నిలిపిన ఈ దర్పణముపై పడి, మరలి, ఒక్కచోట కూడును. ఆ చోటునకు నాభి యని పేరు. నాలుగడుగుల వ్యాసార్ధము గల గోళమునుండి కోసిన చిన్న ముక్క అద్దమైనచో, నాభి రెండడుగుల దూరమున నుండును.

అరసవల్లి సూర్యనారాయణస్వామిని కొలుచు మనకు ఎండ మహిమ క్రొత్త కాదు. ఆ ఎండనే తిరుమలలో 2002వ సంవత్సరమున వంటకు పూన్చిరి. 106 పెద్ద దర్పణపు పళ్లెములను సూర్యుని వెంట తిరుగునట్లు అమర్చి, కూడిన వేడితో నీటిని ఆవిరి చేసి, గొట్టముల ద్వారా వంటశాలకు పంపిరి. 15,000 మందికి రెండు పూటలు వండుటకు చాలునట్లు దానిని నిర్మించిరి. అన్నము వండగల వేడియే గడ్డివామునకు నిప్పంటింపగలదు. కావున ముఖక్షౌరమునకు వాడు పుటాకారపు అద్దమును ఎండలో విడువరాదు.

రెండవది, చెంబు వెలుపలి భాగమువలె ఉబ్బిన కుంభాకార దర్పణము. ఇది కిరణములను కూర్పదు, చెదరగొట్టును. అందుచే విశాలమైన ప్రదేశము చిన్న అద్దములో ఇముడును. కాని ప్రతి వస్తువును చిన్నదిగా కనబడును. మన ఎచ్చెర్ల మీదుగా పోవు 16వ జాతీయ రహదారిపై, ఆగియున్న బస్సు ప్రక్క అద్దమును నేను పరికించితిని. వెనుకనున్న లారీ అగ్గిపెట్టెయంత కనబడెను. తల త్రిప్పి చూడగా అది ఇరువది అడుగుల దూరముననే యుండెను.

చిన్నదిగా కనబడినది దూరముననున్నదని మన కన్ను తలంచును. అద్దము అబద్ధమాడలేదు, మనము దాని భాషను తప్పుగా చదువుచున్నాము. ఈ పొరపాటు రహదారిపై ప్రాణముల మీదికి వచ్చును. మీ కుమారులు, మనుమలు మోటారుసైకిలు ఎక్కునప్పుడు ఈ మాట చెప్పుడు: అద్దములో కనబడు బండి, కనబడినదానికంటె దగ్గరనున్నది. త్రోవ మార్చుటకు ముందు ఒక్కమారు తల త్రిప్పి చూడవలయును.