భూగోళశాస్త్ర విద్యార్థి: పరిశోధన, రచన



విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్రం చదివే విద్యార్థికి పరిశోధనా పద్ధతులు ఒక పేపరుగానూ, క్షేత్ర పర్యటన ఒక యాత్రగానూ, ప్రాజెక్టు నివేదిక చివరి నెలలో ముగించవలసిన పనిగానూ విడివిడిగా అందుతున్నంత కాలం పరిశోధన గాని, రచన గాని పట్టుబడవన్నది ఈ ఉపన్యాసపు ప్రధాన ప్రతిపాదన. ఒక ప్రాంతాన్ని గురించి కాగితాల్లో ఉన్నదాన్నీ, అక్కడి నేలమీద కనిపించేదాన్నీ పక్కపక్కన పెట్టి, రెండింటికీ పొంతన కుదరని చోట ప్రశ్న వేసి, దొరికిన సమాధానం ఏ ఆధారం మీద నిలుస్తున్నదో చదువరికి తెలిసేలా రాయగలగడమే ఈ శాస్త్రం ఇచ్చే నేర్పు. దానికి చిత్తూరు సీమలోని సోమల మండలం కంటే మంచి పాఠశాల కోసం దూరం వెళ్లనక్కరలేదు.

మొదటి పాఠం హద్దులది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లా నుంచి వచ్చాయి. పుంగనూరు జమీందారీ, కుప్పం వైపునున్న కంగుంది జమీందారీ ప్రాంతం ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చింది. అందువల్ల పందొమ్మిదో శతాబ్దపు మదనపల్లెను గురించి తెలుసుకోగోరే విద్యార్థి గ్రిబుల్ 1875లో ప్రచురించిన కడప జిల్లా మాన్యువల్‌నూ, అదే కాలపు పుంగనూరు, కుప్పం ప్రాంతాలను గురించి తెలుసుకోగోరే విద్యార్థి కాక్స్ 1881లో వెలువరించిన ఉత్తర ఆర్కాటు మాన్యువల్‌నూ తెరవాలి. చిత్తూరు జిల్లా పేరుతో వెతికితే ఆ కాలానికి ఏమీ దొరకదు. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. కాబట్టి 1981 జనాభా లెక్కల్లో సోమల మండలమనే గణన విభాగమే లేదు, 1991లో ఉంది. ఈ రెండింటి నడుమ జనాభా పెరుగుదల చెప్పదలచినవారు నేటి మండలంలోని రెవెన్యూ గ్రామాల జాబితా తీసుకుని, 1981 నాటి గ్రామాల అంకెలను ఒక్కొక్కటిగా కూడుకోవాలి. ఒక రెవెన్యూ గ్రామం కింద అనేక పల్లెలు ఉంటాయనీ, లెక్క గ్రామానిదే తప్ప పల్లెది కాదనీ గుర్తుంచుకోవాలి. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనలో మదనపల్లె అన్నమయ్య జిల్లాకు మారగా పుంగనూరు, సోమల, కుప్పం అప్పుడు చిత్తూరులోనే ఉండిపోయాయి. ఆ ఏడాదికి ముందరి జిల్లా అంకెను తరువాతి అంకెతో పోల్చి పంటల విస్తీర్ణం తగ్గిందని రాస్తే, తగ్గింది పంటో జిల్లానో ఎవరూ చెప్పలేరు. శిక్షణలో అన్నిటికంటే ఎక్కువ ఓపిక కోరే పని ఇదే, పాఠ్యప్రణాళికల్లో అన్నిటికంటే తక్కువ చోటు దక్కుతున్నదీ దీనికే.

రెండో పాఠం స్థలపటం, అంటే కొండలు, వాగులు, చెరువులు, దారులు మొదలైనవాటిని నిర్ణీత కొలతతో చూపే సర్వే ఆఫ్ ఇండియా పటం. సాధారణంగా వాడే షీటులో ఒక సెంటీమీటరు నేలమీద అర కిలోమీటరుకు సమానం. ఒకే ఎత్తులో ఉన్న బిందువులను కలిపే సమోన్నత రేఖలు ఇరవై మీటర్ల తేడాతో ఉంటాయి. ఆ రేఖలు చదవడం వచ్చినవారికి జలవిభాజకం, అంటే వాన నీటిని రెండు నదుల వైపు చీల్చే మిట్ట, పటం మీదనే తెలుస్తుంది. మదనపల్లె నీరు బాహుదా, చెయ్యేరుల మీదుగా పెన్నకు చేరుతుంది. కుప్పం నీరు పాలారులో కలిసి తమిళనాడు దారి పడుతుంది. సోమల మండలంలోని ఏ చెరువు మరవ పారితే ఆ నీరు ఏ వాగుకు పోతుందో పటం మీద గీసి, ఆ తరువాత కట్ట వెంట నడిచి సరిచూసుకునే అభ్యాసం ఒక సెమిస్టరు ఉపన్యాసాలకు సాటి. 2021 నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయిన నాటి నుంచి, ఎగువ వాగుల లెక్క దిగువ పల్లెలకు ప్రాణావసరమని వేరుగా చెప్పనక్కరలేదు.

క్షేత్రంలో ప్రశ్న అడిగే తీరు కూడా నేర్చుకోవలసిందే. "నీటి ఎద్దడి ఉందా?" అని అడిగితే ప్రతి రైతూ ఉందనే అంటాడు, ఆ సమాధానం నిజమే అయినా దానితో పరిశోధన సాగదు. బోరు ఏ సంవత్సరం వేశారు, ఎన్ని అడుగులకు నీరు పడింది, ఏ నెలలో పోత తగ్గుతుంది, ఆ నెలలో టమాటా తోటను వదిలేశారా నిలబెట్టుకున్నారా అని అడిగినప్పుడే పోల్చదగిన సమాచారం చేతికొస్తుంది. ప్రతిచయనం, అంటే అందరినీ అడగలేనప్పుడు కొందరిని ఎంచుకునే పద్ధతి, రోడ్డు పక్క పొలాలకే పరిమితమైతే కొండ కింది మెట్ట రైతు నివేదికలోంచి మాయమవుతాడు. చూసినది, కొలిచినది, విన్నది, చదివినది అనే నాలుగింటినీ నోటు పుస్తకంలో వేర్వేరుగా గుర్తించి, ఆ రాత్రే వాక్యాలుగా విస్తరించి రాసుకోవాలి. రచన ఆ రాత్రి మొదలవుతుంది. ఏనుగులు పొలాల మీదికి రావడానికి అడవి తరగడమే కారణమని తేలికగా రాసే విద్యార్థి, ఆ మాట ఈ నాలుగింటిలో ఏ కోవలోదో చెప్పలేకపోతే దాన్ని కొట్టివేయడమే మేలు.

ఇదంతా తెలుగులో సాధ్యమా అన్న సందేహానికి చరిత్రే జవాబు. కావలి బొర్రయ్య, ఆయన సోదరులు సర్వే అధికారి మెకంజీ కోసం ఊరూరా తిరిగి సమాచారం సేకరించారు; ఆ కృషితో పోగైన గ్రామ కైఫీయతులలో, అంటే ఊళ్ల వృత్తాంతాలలో, చెరువులు, దేవాలయాలు, పాలకుల వివరాలు తెలుగులోనే నమోదయ్యాయి. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారిలోని ఊళ్లనూ, వాటి మధ్య దూరాలనూ, వసతులనూ రోజువారీగా రాసిపెట్టగా, అది 1838లో పుస్తకమైంది. వారికి విశ్వవిద్యాలయ పట్టాలు లేవు; చూసినదాన్ని చూసిన చోటే రాసుకునే క్రమశిక్షణ ఉంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యగ్రంథాల ద్వారా పరిభాష కూడా చేతికందింది.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచీ, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997 నుంచీ ఈ ప్రాంతానికి చేరువలోనే ఉన్నాయి. ఈ సీమ మీద విద్యార్థులు రాసే ప్రతి నివేదికను తెలుగులో కూడా సమర్పించే వీలు కల్పించి, పటాలతో సహా ఒక ప్రతిని ఆ మండలంలోని ఉన్నత పాఠశాలకో, గ్రంథాలయానికో అందజేసే నియమం పెట్టాలని విశ్వవిద్యాలయాలను ఈ సభ కోరాలి. సమాచారం ఇచ్చిన రైతు దాన్ని చదివి, తప్పు ఉంటే తప్పని చెప్పగలగాలి.