రాళ్ళు మోసిందెవరు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఈ బడిలో చదువుకుని, వేరే ఊళ్ళో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఒకసారి తొమ్మిదో తరగతిలో, "ఆండీస్ కొండల మీద ఇన్కా చక్రవర్తులు మెట్ల పొలాలు కట్టించారు" అన్నాను. వెనక బెంచీ పిల్లవాడు లేచి, "రాళ్ళు మోసిందెవరు సార్?" అన్నాడు. "కూలీలు" అనేసి కూర్చోబెట్టాను. అది తప్పు జవాబని తర్వాత చదువుకున్నాక తెలిసింది. అప్పుడు వాడికి చెప్పలేని జవాబు ఇవాళ మీకు చెబుతాను.

ఆండీస్‌లో చదును నేల తక్కువ. వాలులో విత్తనం వేస్తే వానకు మట్టితో సహా కొట్టుకుపోతుంది. అందుకని అక్కడివాళ్ళు వాలుకు అడ్డంగా రాతిగోడలు కట్టి, వాటి వెనక అడుగున గులకరాళ్ళు, పైన సారమున్న మట్టి నింపారు. ఎక్కువైన నీరు అడుగు నుంచి దిగిపోతుంది. పగలు ఎండకు కాగిన గోడ రాత్రి మొక్కకు వెచ్చదనమిస్తుంది. ఇన్కా రాజ్యం 15వ శతాబ్దంలో విస్తరించింది. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే అక్కడ మెట్ల పొలాలున్నాయి.

ఇంకా పైన, సుమారు 3,800 మీటర్ల ఎత్తులో టిటికాకా సరస్సు ఉంది. దాని చుట్టూ ఉన్న పల్లంలో వానాకాలం నీరు నిలుస్తుంది, రాత్రి మంచుకు పైరు మాడుతుంది. అక్కడ కాలువలు తవ్వి, ఆ మట్టితోనే పక్కన ఎత్తు మడులు కట్టారు. కాలువ నీరు పగటి వేడిని దాచుకుని రాత్రి మడిని కాపాడుతుంది. అడుగున పేరుకున్న బురదే ఎరువు. ఈ మడులను 'వారు వారు' అంటారు. వినడానికి మన తెలుగు మాటలాగే లేదూ!

1980లలో క్లార్క్ ఎరిక్సన్ అనే పురావస్తు శాస్త్రవేత్త పెరూలో స్థానిక రైతులతో కలిసి, పాడుపడిన మడులను బాగుచేసి బంగాళాదుంప వేయించారు. పంట బాగా పండింది. వీటిని కట్టడానికి రాజాజ్ఞ అక్కర్లేదని, ఊరి కుటుంబాలే తరతరాలుగా కొంచెం కొంచెంగా కట్టుకోగలవని ఆయన వాదన. రాజ్యమే కట్టించిందనే పండితులూ ఉన్నారు. ఎవరు చెప్పి చేయించినా, మట్టి ఎత్తిన చేతులు మాత్రం ఊరివాళ్ళవే.

ఆ ఊళ్ళ కట్టుబాట్లకు కెచువా భాషలో పేర్లున్నాయి. ఇవాళ నీ పొలంలో నేను, రేపు నా పొలంలో నువ్వు పని చేస్తే అది 'అయ్ని'. మన ఊళ్ళలో నాట్లకు ఒకరికొకరు బదులు వెళ్ళినట్టే. కాలువ పూడిక తీయడం వంటి పనికి అందరూ కలిసి వస్తే 'మింక'. రాజ్యానికి వంతులవారీగా చేసే పని 'మిత'. అది తప్పించుకోలేని పనే అయినా, చేసినవాళ్ళకు తిండీ తాగుడూ రాజ్యమే పెట్టేది. 1570లలో స్పానిష్ పాలకులు ఆ 'మిత' పేరుతోనే జనాన్ని పొటోసి వెండి గనుల్లోకి తోలారు. పేరు పాతదే, కానీ చేసినదానికి తగిన ప్రతిఫలం లేదు. వెట్టిచాకిరీ చూసిన తెలంగాణ పెద్దలకు ఆ తేడా నేను చెప్పక్కర్లేదు.

మరో సంగతి. ఎరిక్సన్ ప్రయోగం తర్వాత కొన్ని సంస్థలు డబ్బిచ్చి మరిన్ని మడులు బాగుచేయించాయి. ఆ సాయం ఆగిపోయాక చాలా మడులు మళ్ళీ పాడుపడ్డాయి. కట్టడానికి డబ్బు చాలింది. ఏటా పూడిక తీయడానికి మనుషులు కావాలి.

మన బడి ఆటస్థలం ఒకప్పుడు గుంతల నేల. శనివారం చివరి రెండు పీరియడ్లు మా డ్రిల్లు మాస్టారు మమ్మల్ని వరసగా నిలబెట్టి, మట్టి తట్టలు చేతులు మార్పించేవారు. ఆయనా వరసలో నిలబడేవారు. ఆ స్థలంలోనే మేం కబడ్డీ ఆడాం. నిన్న వెళ్ళి చూశాను. వెనక మురుగు కాలువ పూడిపోయి సగం స్థలంలో నీళ్ళు నిలిచాయి.

ఈ స్వర్ణోత్సవానికి మనం ఎన్నో విరాళాలు ప్రకటించాం, సంతోషం. నాదొక్క విన్నపం. ఏటా వేసవి సెలవుల్లో ఒక ఆదివారం మనమే వచ్చి ఆ కాలువ తీద్దాం. పిల్లల చేత చేయించొద్దు. మనం ఆడుకుని వెళ్ళిపోయాం, బదులు బాకీ మనదే. మొదటి తట్ట నేను ఎత్తుతాను.